ఆరున్నొకటి

కాశీబుగ్గ బస్టాండు ఎదర నా కొట్టు.
నాలుగడుగుల బల్ల, మెడ వంచిన దీపం,
జారిన స్క్రూలు దొరకడానికి పరిచిన పాత తువ్వాలు.
ఎవరి ఫోనొచ్చినా ముందు కాలిక్యులేటరే తెరుస్తాను.
సిగ్నలక్కర్లేదు, బేలన్సక్కర్లేదు,
ఒకటి నుంచి తొమ్మిది దాకా వేలు నడిపిస్తే
అద్దం ఎక్కడ చచ్చిందో తెలిసిపోతుంది.

తవిటమ్మ ఫోనులో ఏడు చచ్చింది.
నాలుగు పలికింది, ఎనిమిది పలికింది,
ఏడు మీద మాత్రం బీట,
బీటలోకి ఇంకిన జీడిసొన,
ఎంత నొక్కినా ఉలకదు.

"బట్టీకాడ పడిపోనాది బాబూ. మూడు నెల్లయినాది."

మూడు నెలలు ఏడు లేకుండా ఎలా నెట్టుకొచ్చిందో చూద్దామని
పాత లెక్కలు పైకి జరిపాను.

26 × 8 + 8 = 216
26 × 9 + 9 = 243
26 × 6 + 6 = 162
26 × 11 + 11 = 297

ఇదేం తిక్క లెక్క అనుకున్నాను.
తర్వాత వెలిగింది.
కిలో పప్పు ఒలిస్తే ఇరవయ్యేడు రూపాయలు.
జవాబులోకి ఏడు దానంతటదే వస్తోంది,
ఈమె వేలికే రావడం లేదు.

ఇంకా పైకి వెళ్తే మొదటి రోజు దొరికింది.
26 + 1 × 8 అని కొట్టింది. ముప్పైనాలుగు.
మళ్ళీ కొట్టింది. ముప్పైనాలుగే.
ఎనిమిది కిలోలకి ముప్పైనాలుగు రూపాయలేమిటని
ఆ రాత్రి ఎంతసేపు కూర్చుందో,
మర్నాటి వరసలో
విడిపోయిన ఆ ఒక్క రూపాయినీ
ఎనిమిదిసార్లూ వెనక్కి పిలిచి కలుపుకుంది.

ఇంటర్లో లెక్కలు రెండుసార్లు తప్పినవాణ్ణి.
స్క్రూడ్రైవరు కింద పెట్టాను.
"ఎవరు నేర్పారమ్మా ఇది?"

"నేర్పడమేటి? మా మామ్మ కళ్ళంలో గింజలు కొలిసినప్పుడు
లాభం, రెండు, మూడు... ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది అనీది.
ఏడనీదే కాదు.
గింజలకాడ ఏడుపేటని."

నేను తల ఊపి ఇంకాస్త కిందికి జరిపాను.
అది తప్పే. పరాయి ఫోను.

216 + 243 + 162 + 296 + 1 = 918
918 − 900 = 18
918 − 900 = 18
918 − 900 = 18

మూడుసార్లు.
గుమస్తా ఎవరని నేనడగలేదు.
ఆమె నా చేతుల వేపే చూస్తోంది.
"అద్దం మారిస్తే ఇయి సెరిగిపోతాయా?"
"ఫొటోలా?"
"ఫొటోలు కాదు బాబూ. ఇయి."

చెరగవన్నాను.
పాత అద్దం వేడి చేసి ఊడదీశాను,
గాజురజను ఊదాను,
కొత్తది అతికించి పరీక్షకి
ఏడు ఏడు ఏడు ఏడు నొక్కాను.
లేచింది.

అద్దానికి ఆరువందల యాభై. గమ్ముకీ రబ్బరుకీ ముప్పైరెండు.
"ఏడొందలివ్వండమ్మా" అంది నా నోరు.
అలవాటు. చిల్లర ఎవరు వెతుకుతారని.

ఆమె ఫోను అందుకుంది.
సొనకి కాలి కాలి గీతలు పోయిన వేలికొన,
ఏ ఆఫీసులోనూ ముద్ర పడని వేలు,
కొత్త అద్దం మీద కాసేపు ఆగింది.
తర్వాత ఏడు నొక్కింది.

700 − 682

ఈజీక్వల్టూ నొక్కి
ఫోను నా వేపు తిప్పింది.
ఒక్క మాట అనలేదు.

సొరుగు లాగాను.
ఒక పది నోటు, ఒక అయిదు,
మూడు రూపాయి బిళ్ళలు.
అందులో ఒకటి బాగా అరిగింది,
వెలుతురుకి పట్టి చూసుకుని
మార్చమంది. మార్చాను.

మందస ఆటో నిండా ఎక్కేసరికి ఆమె వెళ్ళిపోయింది.

కొట్టు కట్టే ముందు
నా ఫోనులో పాత లెక్కలు తెరిచాను.
ఎంత కిందికి జరిపినా
చివర అన్నీ సున్నాలే.